ట్యాంకుకు హెల్మెట్, తలకు దేవుడే దిక్కు

హైదరాబాద్ నుంచి కాళేశ్వరానికి బైక్ మీద రమారమి 270 కిలోమీటర్లు. మన రైడర్ గారి సన్నాహాలు చూడాలి! బండికి దండ, స్టేటస్‌కు సెల్ఫీ, కెమెరాకు ఫుల్ చార్జింగ్. టైర్లలో గాలి? ‘జనగామలో చూసుకుందాం లే!’ జనగామ రాగానే చాయ్ గుర్తొస్తుంది, గాలి గుర్తురాదు. చైన్ వదులై కటకటలాడుతున్నా పాటల హోరులో వినబడితే కదా!

మానుకోట నుంచి నర్సంపేట మీదుగా వచ్చి కలిసే దోస్తు నాలుగాకులు ఎక్కువే చదివాడు. అద్దాలు పీకేశాడు, స్టైల్ పోతుందట. హెల్మెట్ తెచ్చాడు, ట్యాంకు మీద బోర్లించాడు. పోలీసు కనిపిస్తే నెత్తికెక్కుతుంది, పట్టీ మాత్రం పెట్టుకోడు. జరిమానా అంటే నవ్వుతాడు. 2023 డిసెంబరులో బైకు చలాన్లకిచ్చిన 80 శాతం రాయితీ మళ్లీ రాకపోతుందా అని ఆయన ధీమా. (ఆస్పత్రి బిల్లులకు మాత్రం ఇంతవరకు ఎవరూ ఆఫర్ ప్రకటించలేదు.)

చీకటి పడ్డాక ఉంటుంది అసలు సంగతి. రోడ్డుకు ఓ పక్కంతా వడ్లు, పైన నల్ల టార్పాలిన్, అంచు వెంట బండరాళ్లు. ఎదురుగా భూపాలపల్లి బొగ్గు లారీ హైబీమ్. టార్పాలిన్ ఏదో తారు ఏదో తెలిసేలోపే చక్రం రాయెక్కేస్తుంది. రోడ్డు మీద ఆరబోసినవాళ్లనూ అనాల్సిందే, సరిపడా కల్లాలు కట్టించని సర్కారునూ అనాల్సిందే. మరి ఆ చీకట్లో 90 మీద పొమ్మన్నదెవరు?

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద ముక్తీశ్వరుడి పక్కనే యముడూ లింగరూపంలో ఉంటాడు. ఆయన్ను దారిలోనే కలిసేద్దామని మనవాళ్ల తొందర. అక్కడైతే క్యూ ఉండదనేమో!