ట్రాయ్ చూడని విల్లు

నన్ను ట్రాయ్ యుద్ధవీరుడి విల్లు అంటారు. అందులో సగమే నిజం. వీరుడు నిజం, విల్లూ నిజం, కానీ ట్రాయ్‌కి నేను పోలేదు. ఆ వీరుడు ఒడిస్సియస్ 12 ఓడలతో ఇథాకా దీవి నుంచి బయల్దేరిన నాడు నన్ను కొట్టుగదిలో మేకుకి తగిలించే వెళ్లాడు. మరిచిపోయి కాదు, కావాలనే. నేనొక స్నేహితుడు ఇచ్చిన గుర్తుని. సొంత గడ్డ మీద తిరిగేటప్పుడు మాత్రమే నన్ను భుజాన వేసుకునేవాడు, యుద్ధానికి ఎన్నడూ తీసుకుపోలేదు.

ఆ స్నేహితుడి పేరు ఇఫిటస్. ఒడిస్సియస్ కథ చదివినవాళ్లలో కూడా ఈ పేరు గుర్తున్నవాళ్లు తక్కువ. నా ఆత్మకథలో మాత్రం అసలు మనిషి అతనే.

నేను మొదట అతని తండ్రి యూరిటస్ చేతిలో ఉండేదాన్ని. ఆయన విలువిద్యలో ఎంతటివాడంటే, అపోలో దేవుడినే పోటీకి రమ్మన్నాడు. దేవుడికి కోపం వచ్చింది, యూరిటస్‌కి ముసలితనం చూసే యోగం లేకుండా పోయింది. పోతూ నన్ను కొడుక్కి అప్పగించాడు. నేనెలా తయారయ్యానో కవి హోమర్ విడమరిచి చెప్పలేదు గానీ, నాలో కొమ్ము ఉందని మాత్రం చెప్పాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని పండితులు నా కులగోత్రాలు తేల్చారు: కర్రకి విలుకాడి వైపు కొమ్ము, అవతలి వైపు జంతువు నరాలు అతికించి చేసే జాతి. తాడు తీసేస్తే ఇలాంటి విల్లు ఎదురు దిక్కుకి వంగిపోతుంది. దాన్ని మళ్లీ ఇటు తిప్పి తాడు తగిలించాలంటే బలంతో పాటు ఒడుపూ ఉండాలి. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

ఇఫిటస్ తప్పిపోయిన గుర్రాలు వెతుక్కుంటూ మెస్సీన్ దేశానికి వచ్చాడు. 12 ఆడగుర్రాలు, వాటి వెంట కంచరగాడిద పిల్లలు. సరిగ్గా అప్పుడే ఒడిస్సియస్ కూడా అక్కడికొచ్చాడు. అప్పటికింకా మీసాలు రాని కుర్రాడు. మెస్సీన్‌వాళ్లు ఇథాకా మీద పడి 300 గొర్రెల్ని కాపరులతో సహా ఓడలెక్కించుకుపోతే, ఆ బాకీ వసూలు చేసుకురమ్మని తండ్రి లేర్టీసూ ఊరిపెద్దలూ పంపారు. అంటే ఇద్దరు మహావీరుల వంశాంకురాలూ కలుసుకున్నది పశువుల తగాదా మీద! ఓర్టిలోకస్ అనే ఆయన ఇంట్లో కలిశారు, స్నేహం కుదిరింది. ఇఫిటస్ నన్ను ఇచ్చాడు. ఒడిస్సియస్ బదులుగా ఒక కత్తీ ఒక ఈటే ఇచ్చాడు. ఇక మిగిలింది ఒకరింటికి ఒకరు భోజనానికి పోవడమే.

అది జరగలేదు. గుర్రాల జాడ తీస్తూ ఇఫిటస్ మహాబలుడు హెరక్లీస్ ఇంటికి వెళ్లాడు. గ్రీకుల లోకంలో గుమ్మంలోకి వచ్చినవాడు జ్యూస్ దేవుడి రక్షణలో ఉన్నట్టే. అన్నం పెట్టినవాడు చెయ్యెత్తకూడదు, తిన్నవాడు ద్రోహం తలపెట్టకూడదు. హెరక్లీస్ భోజనం పెట్టాడు, ఆ ఇంట్లోనే చంపాడు, గుర్రాల్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. దేవుడికీ జడవలేదు, వడ్డించిన బల్లకీ సిగ్గుపడలేదని హోమర్ రాశాడు. సోఫోక్లీస్ నాటకంలో ఇది ఇంకోలా ఉంటుంది, టిరిన్స్ దగ్గర ఎత్తు మీంచి తోసేశాడని. ఎలా చంపాడన్న దానిలో తేడా ఉంది, ఎవరు చంపారన్న దానిలో లేదు.

ఇక ట్రాయ్ మీద గ్రీకుల యుద్ధం. కొట్టుగది మేకు మీంచి నేను దాన్ని విన్నానే తప్ప చూడలేదు. హాల్లో ఫీమియస్ అనే గాయకుడు గ్రీకుల కష్టాల తిరుగు ప్రయాణాలు పాడుతుంటే, ఒడిస్సియస్ భార్య పెనెలోపి మెట్లు దిగొచ్చి ఆపమని ఏడ్చేది. కొడుకు టెలిమాకస్ పాడనివ్వమనేవాడు. ఆ పాటల్లో నా జాతికి ఏమంత గౌరవం లేదు. సంధి కుదిరి ఇరుపక్షాలూ ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు దాన్ని చెడగొట్టింది ట్రాయ్ పక్షపు పాండరస్ బాణం. ట్రాయ్ రాకుమారుడు పారిస్ దూరం నుంచి గ్రీకు వీరుడు డయోమెడీస్ కాలికి గురిపెట్టి కొడితే, ఈటె పట్టి ఎదురుగా రాలేని విలుకాడివని అతను ఎగతాళి చేశాడు. ట్యూసర్ మంచి గురికాడే, కానీ అన్న అజాక్స్ డాలు చాటునుంచి తొంగిచూసి కొట్టి మళ్లీ చాటుకి పోయేవాడు. వీరుడంటే ఈటె పట్టేవాడే అని వాళ్ల లెక్క. మా ఆయన కూడా ట్రాయ్‌లో విల్లు పట్టాడు, కాకపోతే నన్ను కాదు. ఒక రాత్రి శత్రు శిబిరంలోకి దొంగచాటుగా పోతూ మెరియొనీస్ అనే తోటి వీరుడి దగ్గర విల్లు తీసుకున్నాడట. విని కాస్త నొచ్చుకున్నాను.

ఇంత చిన్నచూపు చూసి, చివరికి ఒక విల్లు వస్తే తప్ప ట్రాయ్ పడదని జోస్యం వచ్చింది. అది హెరక్లీస్ విల్లు! ఆయన చనిపోయాక అది ఫిలోక్టెటీస్ చేతికొచ్చింది. ట్రాయ్‌కి పోయే దారిలో ఫిలోక్టెటీస్‌ని పాము కరిస్తే, పుండు కంపు కొడుతోందని, అరుపులు భరించలేకున్నామని లెమ్నోస్ దీవిలో వదిలేసి పోయారు. వదిలేసినవాళ్లలో ఒడిస్సియస్ ఒకడు. పదేళ్లు గడిచాక, ఆ విల్లు కోసం బతిమాలో మోసగించో తీసుకురావడానికి వెళ్లిందీ ఒడిస్సియసే అని సోఫోక్లీస్ క్రీ.పూ. 409లో ఆడించిన నాటకం చెబుతుంది. లెక్క చూడండి. నా ఇఫిటస్‌ని చంపినవాడి విల్లు ట్రాయ్‌ని గెలిచింది. చచ్చినవాడి విల్లు మేకుకి వేలాడింది.

మరో సంగతి కూడా చెప్పాలి. తిరుగు దారిలో ఒడిస్సియస్ చచ్చినవాళ్ల లోకం దాకా వెళ్లొచ్చాడు. అక్కడ హెరక్లీస్ నీడ కనబడింది. విల్లు బయటికి తీసి, తాడు మీద బాణం పెట్టి, ఎప్పుడూ కొట్టబోతున్నట్టే చూస్తోంది. తన పాట్ల గురించి, నరకపు కుక్కని పట్టుకొచ్చిన సంగతి గురించి చెప్పి వెళ్లిపోయింది. ఒడిస్సియస్ ఆ ముచ్చట తనకు ఆతిథ్యమిచ్చిన ఫియేషియన్ల కొలువులో ఎంతో ఇష్టంగా చెప్పాడు. అందులో ఇఫిటస్ పేరు లేదు. నా స్నేహితుణ్ణి అన్నం పెట్టి ఎందుకు చంపావని ఒక్క మాట అడిగినట్టు లేదు. ఒంటికన్ను రాక్షసుడు సైక్లాప్స్ గుహలో వరస కలిపి కానుక అడిగిన నోరు, దేవతల్ని సైతం మాటలతో మెప్పించిన నోరు అది! పదేళ్ల ప్రయాణంలో ఏడేళ్లు కాలిప్సో అనే దేవకన్య దగ్గర, ఒక ఏడాది మంత్రగత్తె కిర్కే దగ్గర ఎలా గడిచాయని నన్నడిగితే నాకు పెద్ద ఆసక్తి లేదు. ఆ ఒక్క మౌనం మాత్రం మనసులో నిలిచిపోయింది.

ఈలోగా ఇంటిమీద 108 మంది పడ్డారు. డులికియం నుంచి 52, సామె నుంచి 24, జసింథస్ నుంచి 20, ఇథాకావాళ్లే 12. పెనెలోపిని పెళ్లాడతామంటూ కూర్చుని, ఆ ఇంటి పశువుల్ని కోసుకు తిని, ఆ ఇంటి ద్రాక్షసారా తాగారు. ఇరవయ్యో ఏట ఒకరోజు కొట్టుగది తలుపు ఎద్దు రంకె వేసినట్టు చప్పుడు చేస్తూ తెరుచుకుంది. పెనెలోపి నన్ను ఒరతో సహా దించి, ఒళ్లో పెట్టుకుని ఏడ్చి, ఆపైన బయటికి తీసింది. ఏడుపు నా కోసం కాదు, ఇఫిటస్ కోసం అసలే కాదు. అయినా ఇరవై ఏళ్లకి ఒక చెయ్యి తగిలింది.

నన్ను ఎక్కుపెట్టి 12 గొడ్డళ్ల గుండా బాణం పోనిచ్చినవాడితో వెళ్తానంది. మీ తెలుగువాళ్లకి ఈ తంతు కొత్త కాదు. మిథిలలో విల్లు విరిగింది, పాంచాలంలో విల్లు వంగింది. ఇథాకాలో ఒక్కటే తేడా, పెళ్లికూతురికి మొగుడు అప్పటికే ఉన్నాడు, అదీ ఆ హాల్లోనే, ముష్టివాడి వేషంలో.

గొడ్డళ్లలోంచి బాణం ఎలా పోతుందని పండితులు ఇప్పటికీ తగవులాడుకుంటున్నారు. పిడి దూర్చే కన్నాల్లోంచి అంటారు కొందరు, ఇంకోలా అంటారు ఇంకొందరు. పోయింది బాణం, నేను చేతిలోనే ఉన్నాను. నన్నడిగి లాభం లేదు.

ముందు టెలిమాకస్ పట్టుకున్నాడు. మూడుసార్లు తప్పింది. నాలుగోసారి వంచేసేవాడే, తండ్రి తలతో సైగ చేస్తే ఆగాడు. తర్వాత పెళ్లికొడుకుల వంతు: మొదట లియోడీస్, మెత్తని చేతులవాడు, ఊరికే అలిసిపోయాడు. యూరిమాకస్ నన్ను నిప్పు సెగకి చూపించి ప్రయత్నించాడు. కొమ్ము విల్లుకి సెగ ఉపాయం తప్పు కాదు, ఒడుపే లేదు. యాంటినోయస్ నన్ను తాకనే లేదు. ఇవాళ అపోలో పండగ కదా, రేపు చూద్దాం అన్నాడు. పొద్దున్నే ఈ పండగ గుర్తురాలేదు మరి.

పందుల కాపరి యుమేయస్ నన్ను ముష్టివాడి చేతిలో పెట్టాడు. ఆ చేతులు నన్ను ఎక్కుపెట్టడానికి తొందరపడలేదు. ఇటూ అటూ తిప్పి, కొమ్ముని పురుగు తొలిచిందేమోనని వెతికాయి. ఇలాంటిది వీడింట్లో కూడా ఉన్నట్టుందే అని పెళ్లికొడుకుల్లో ఒకడు వేళాకోళమాడాడు. వాడు అన్నది అక్షరాలా నిజం. గాయకుడు తన వాద్యానికి తంత్రి బిగించుకున్నంత తేలిగ్గా ఒడిస్సియస్ తాడు తగిలించాడు. పైన ఉరిమింది. పీట మీంచి లేవకుండానే కొట్టాడు, బాణం అన్ని గొడ్డళ్లూ దాటిపోయింది. అప్పటికే ఎడ్ల కాపరి ఫిలిటియస్ వాకిలి తలుపుని ఓడ మోకుతో కట్టేసి ఉన్నాడు.

రెండో బాణం యాంటినోయస్ గొంతులో దిగింది, బంగారు గిన్నె పెదాల దాకా వచ్చిన క్షణాన. యూరిమాకస్ నష్టపరిహారం మాట ఎత్తాడు, ఒక్కొక్కరం 20 ఎడ్ల విలువ చెల్లిస్తామన్నాడు. మూడోది అతనికి. అమ్ములపొది ఖాళీ అయ్యేదాకా నా తాడు ఆగలేదు. అది అయిపోయాక నన్ను వాకిలి పక్కన ఆనించి, డాలూ ఈటెలూ పట్టుకున్నాడు. అక్కడి నుంచి నేను చూస్తూనే ఉన్నాను. చంపిన తర్వాత ఇల్లు గంధకంతో పొగబెట్టి శుద్ధి చేశారు. ఆ పెళ్లికొడుకులతో పడుకున్నారని 12 మంది దాసీల్ని ఉరి తీశారు. అడిగే హక్కు లేనివాళ్లకి ఇది ఏ ధర్మం ప్రకారం శిక్షో నాకు ఈరోజుకీ అంతుపట్టలేదు.

పిలవకుండా వచ్చి తిన్నవాళ్లని చంపడం, పిలిచి అన్నం పెట్టి చంపడం ఒకటి కాదని నాకు తెలుసు. ఇఫిటస్ విల్లునే చేతబట్టి ఇంటికొచ్చినవాళ్లని చంపాడే అని మాత్రం అనిపించింది. ఎంతైనా వాళ్లు ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లే.

మర్నాడు ఊరు సభ చేరింది. యాంటినోయస్ తండ్రి యుపెయిథెస్ లేచి రెండు మాటలన్నాడు. ఈ మనిషి మన ఓడల్నీ మన మనుషుల్నీ తీసుకుపోయి అందరినీ పోగొట్టాడు, తిరిగొచ్చి ఇక్కడున్న మంచివాళ్లని చంపాడు. రెండూ నిజాలే. 12 ఓడల్లో పోయినవాళ్లలో తిరిగొచ్చింది ఒక్కడు. సగానికి పైగా ఊరు ఆయుధాలు పట్టింది. అథీనా దేవత వచ్చి ఆపకపోతే అది ఎక్కడ ఆగేదో చెప్పలేం.

ఎజిప్టియస్ అని ఒక వంగిపోయిన ముసలాయన ఉన్నాడు. నలుగురు కొడుకులు. ఆంటిఫస్ ఒడిస్సియస్ వెంట ట్రాయ్ వెళ్లాడు, సైక్లాప్స్ తినేసిన చివరివాడు అతనే. యూరినోమస్ పెళ్లికొడుకుల్లో ఒకడు, నా బాణాలు అయిపోయాక కూడా బతికున్నాడు, ఈటెల్ని మాత్రం తప్పించుకోలేదు. మిగతా ఇద్దరూ ఇంటి పొలం చూసుకున్నారు. యుపెయిథెస్ వెంట నడిచిన గుంపులో ఆ ముసలాయన ఉన్నాడో లేదో కథలో లేదు. ఉండి ఉంటే నేను అతన్ని తప్పుపట్టను.