సుందరమార్గ మీమాంస

సెలవులు సమీపించుచున్నవని తెలియగానే మహానగరములయందు ఒకానొక తెగ పురుషులకు ద్విచక్రసంచారాభిలాష ముమ్మరముగ పుట్టుకొనివచ్చును. పుట్టిన వెంటనే సైకిలెక్కి బయలుదేరుదురని భ్రమపడవలదు. మొదట సభ జరుగవలెను. సభకొక వాట్సాప్ గ్రూపు, గ్రూపునకొక పేరు, పేరునకొక ముద్ర, ఆ ముద్ర నచ్చొత్తించుటకొక చొక్కా, ఇవన్నియు సమకూరిన పిమ్మట, "దూరము పోవలెను, దారి పొడవునను దృశ్యముండవలెను, అట్టి దారి యేది?" యను మీమాంస ప్రారంభమగును. మూడు దినముల యాత్రకు మూడు మాసముల చర్చ. కాటన్ దొర ధవళేశ్వరమున 1847లో పని మొదలిడి 1852 నాటికి గోదావరికి ఆనకట్ట కట్టి ముగించెను. ఆ పనియే యీ సభ్యుల కప్పగించియుండిన యెడల, ఆనకట్ట ఏ వైపునుండి చూచిన నందముగ కనబడునో తేల్చుకొనుటకే ఆ యైదేండ్లును చెల్లిపోయియుండెడివి.

ఈ యేడు వారి దృష్టి గోదావరి డెల్టామీద పడినది. పడుటకు కారణము "కోనసీమ మన కేరళ" యను నానుడి. తన బిడ్డకు పొరుగింటాయన పోలికలు వచ్చినవని మురిసిపోవు తండ్రి లోకములో నెచ్చటను కానరాడు గాని, మనవారు మాత్రము ఈ మాటను హోటళ్ల బోర్డులమీద వ్రాయించుకొని మఱీ మురిసిపోవుదురు.

సరే, వత్తురుగాక. వచ్చువారు కోరునదేమనగా, మనుష్యహస్తము సోకని ప్రకృతి! ఈ డెల్టాలో మనుష్యహస్తము సోకని జానెడు నేల చూపుమన్న, కోరంగి మడయడవులవంక వ్రేలు చూపవలసినదే. అవి సైకిలునకు దారి యీయవు. ఆనకట్టకు పూర్వము ఇది కరవునకును వఱదకును వంతులవారీగ బలియైన సీమ. 1821కిని 1841కిని నడుమ రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్యలో ఇంచుమించు నాలుగవవంతు తఱిగిపోయినదని దొరల లెక్కలే చెప్పుచున్నవి. ప్రకృతి యనదగినది అప్పుడుండినది. ఇప్పుడు కన్నులపండువుగ కనబడు పచ్చదనమంతయు లాకులు దాటి, తూములు దూరి, లస్కరు త్రిప్పిన షట్టరు క్రిందుగ చేనికి చేరిన నీటి చలువ. గన్నవరమువద్ద వైనతేయమీదుగ కాలువకే వంతెన కట్టి ఆవలి యొడ్డునకు దాటించినది ప్రకృతి కాదు. కాటన్ క్రింద పనిచేసిన ఇంజనీర్లును, వీణెం వీరన్నగారివంటి దేశీయోద్యోగులును, ఏ శిలాఫలకముమీదను పేరెక్కని కూలిజనమును. దాని ప్రక్కన తరువాతికాలమున లేచిన క్రొత్త అక్విడక్టునకు, దారినిపోవు వారికెల్ల వేళయనక యన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. మన మార్గాన్వేషకుడు అచట సైకిలాపి, ఒక గ్రుక్కెడు నీరు త్రాగి, "కృత్రిమము, వదలివేయవచ్చును" అని ఫోనులో వ్రాసికొని ముందునకు సాగును.

ఋతువు విషయమున వీరి వివేకము మఱింత శ్లాఘనీయము. సెలవులు వేసవిలో దొరకును గావున వేసవిలో రాదలతురు. దాళ్వా పంట గట్టెక్కగానే కాలువలు కట్టివేయుదురనియు, జూనులో మరల నీరు వదలువఱకు గట్ల నడుమ బురదయు గుఱ్ఱపుడెక్కయు తప్ప వేఱు జలదృశ్యముండదనియు వారికెవరును చెప్పరు. నీటిపారుదల శాఖవారి ప్రకటనలు చదువు అలవాటు సౌందర్యారాధకులకుండదు గదా! పోనీ, సార్వా నాట్లు పడి నేల పచ్చబడిన శ్రావణభాద్రపదములలో వత్తుమందురా, అప్పుడు ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులైన మొదటి హెచ్చరిక, 13.75 అయిన రెండవది, 17.75 అయిన మూడవది. మూడవది యెగిరిన తరువాత లంకలలో దారి చూపువాడు పడవవాడే గాని యాప్ కాదు. సంక్రాంతికి వచ్చిన బుద్ధిమంతులును కలరు. కనుమనాడు జగ్గన్నతోట త్రోవలో ఏకాదశరుద్రుల ప్రభలు జనుల భుజములమీద పచ్చని చేలకడ్డముగ సాగివచ్చుచుండగా, యాప్ వారికి "ముందు అవరోధము, వేఱు మార్గము చూచుకొనుడు" అని హితవు పలికినదట. పదునొకండుగురు రుద్రులు ఏకముగ నెదురైనపుడు వేఱు మార్గము చూచుకొమ్మనుట, యంత్రము పలికినదే యైనను, శాస్త్రసమ్మతమైన సలహాయే.

ఇక దారి నిర్ణయించు విధానము. ఉపగ్రహము తీసిన పటమును విప్పి, ఆకుపచ్చ యెక్కడ, నీలమెక్కడ యని చూచి, రెంటి నడుమ గీత గీయుదురు. ఈ శాస్త్రము ననుసరించి డెల్టాలోకెల్ల పరమరమణీయమైన ప్రాంతము భీమవరము, ఉండి, ఆకివీడుల నడుమ నున్నదని తేలినది. ఏలయన అచట పటమంతయు నీలపు గళ్లే. "వేయి సరస్సుల సీమ" యని సభ్యులలో నొకరు కవిత్వము కూడ చెప్పిరి. ఆ వేయి సరస్సులును రొయ్యల చెరువులు, చేపల చెరువులు. రాత్రియంతయు ఏరేటర్లు నీటిని చిలుకుచుండును. మేత బస్తాల లారీలు గట్టును గుంతలు చేయుచుండును. పట్టుబడి నాడు ఐసు కరగిన నీరు త్రోవ పొడవునను కారుచుండును. ఆ పరిమళమును వర్ణింపగల ప్రబంధకవి యింకను పుట్టలేదు.

ఎత్తుపల్లముల లెక్క వీరికి ప్రాణము. ధవళేశ్వరము బ్యారేజివద్ద నిండు నీటిమట్టము సముద్రమునకు 13.64 మీటర్లు ఎగువ. కొంచెమటునిటుగ, అక్కడినుండి అంతర్వేదివఱకు నేల దిగవలసినదంతయు అంతే. అయినను దినాంతమున యాత్రికుని చేతిగడియారము వందలాది మీటర్ల ఆరోహణము చూపును. వంతెనలను లెక్కించినదో, కొబ్బరిచెట్లను గూడ ఎక్కి దిగినట్లు భావించినదో, ఆ యంత్రమునకే యెఱుక. ఆ యంకెను అతడు తక్షణము హైదరాబాదునకు పంపును. అచ్చట చప్పట్లు మ్రోగును. నిజమునకు ఇక్కడ కొండయనదగినది గాలి. ప్రొద్దు వాలిన తరువాత సముద్రమువంకనుండి వీచు గాలికెదురు తొక్కుట యెట్టిదో, రాజోలు తాలూకాలో బద్దీ క్రిందుగ కాలు దూర్చి సైకిలు నేర్చిన యే పిల్లవాని నడిగినను చెప్పును. గాలి పటములోనికెక్కదు గావున సభలో చర్చకు రాలేదు.

వాహనమును గూర్చియు రెండు మాటలు. ఏడెనిమిది కిలోలకు మించని కార్బను సైకిలు. వెల చెప్పినచో ఊరివారు పాడిగేదెలలోనికి మార్చి లెక్క కట్టుకొని, మారుమాటాడక లేచిపోవుదురు. నీళ్లసీసా తగిలించు కొక్కెమును మార్చి ఇరువది గ్రాములు మిగిల్చితినని గర్వించు ఆ వీరునికి తెల్లవారుజామున రావులపాలెము త్రోవలో ఎదురగువాడు అరటిగెలలు తెచ్చువాడు. అతనిది నల్లని యినుప సైకిలు. క్యారియరునకు రెండు ప్రక్కలను కర్పూర, చక్కెరకేళి గెలలు. కాయ నలగకుండ నడుమ ఎండుటాకులు. ముందు బద్దీమీద మఱొక గెల. సీటున్నది గాని దానిమీద కూర్చుండుటకు మనిషికి చోటు లేదు. ఒక చేత హ్యాండిలు, ఒక చేత సీటు పట్టుకొని, ఒరిగినపుడెల్ల తొడతో నిలబెట్టుకొనుచు, మార్కెట్టులో బేరము మొదలు కాకముందే చేరవలెనను తొందరలో నుండును. మనవాడు ఫోటో తీసి, "సరళజీవితము" అని శీర్షిక పెట్టి, సంభాషణకు పూనుకొనును.

"రోజూ ఎంత దూరం తొక్కుతారండీ?"

"తొక్కేదేముందండి, తోసేదే. తవరెక్కడికండి?"

"అంతర్వేది."

"బస్సుంది కదండి, ఆయ్."

ఈ యొక్క మాటతో మూడు మాసముల మీమాంస ముగియవలసినది, ముగియలేదు.

ఆత్రేయపురము మీదుగ పోవునపుడు వీరు చొక్కా జేబులలోనుండి వెండిరంగు పొట్లములు తీసి, చించి, అందలి జిగురును కన్నులు మూసికొని మ్రింగుదురు, శక్తినిచ్చు జెల్లట. బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, బియ్యపుపిండి జాలులో ముంచిన గుడ్డను దానిపై నొక్క విసరుతో పఱచి, కాగితముకన్న పలుచని రేకును తీసి, నేయియు పంచదారయు చల్లి మడచు స్త్రీలు ఆ దారి ప్రక్కనే కూర్చుండియుందురు. ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. జెల్లునకట్టి గుర్తింపు రాలేదు. ఏ యూరివారును అది మాదని ముందునకు వచ్చిన జాడ లేదు.

విదేశసంచారము చేసివచ్చిన సభ్యుల దుఃఖము వేఱు. డాన్యూబు ఒడ్డున పస్సావునుండి వియన్నాకు, పూర్వము గుఱ్ఱములు పడవలు లాగిన బాట నేడు సైకిలు బాట యైనదనియు, ఫ్రాన్సులో 1681లో తెఱచిన మిడీ కాలువ గట్టుమీద చెట్లనీడను తొక్కుట జన్మసాఫల్యమనియు వర్ణించి, "అట్టివి మనకెక్కడివి!" అని నిట్టూర్చుదురు. ఆ నిట్టూర్పు విడిచినది ఏలూరు కాలువ గట్టుమీద నిలుచుండియే. కాకినాడనుండి కాలువలవెంట కృష్ణ దాటి చెన్నపట్టణమువఱకు సరకు పడవలు నడచిన జలమార్గములోని భాగమది. గాలి తోడు రానినాడు తెరచాప దించి, తాడు భుజమునకు తగిలించుకొని, మనుష్యులే గట్టువెంబడి పడవలను లాగిరి. అక్కడ గుఱ్ఱములు, ఇక్కడ మనుష్యులు, భేదమింతియే. ఈ మార్గమును 2008లో కేంద్రప్రభుత్వమువారు నాలుగవ జాతీయ జలమార్గమని ప్రకటించిరి. ప్రకటన చెక్కుచెదరక యున్నది.

గత డిసెంబరులో వచ్చిన యొక బృందపు నాయకుని పట్టికలో, సఖినేటిపల్లి రేవు 9.10కి, పంటు 9.15కి, నరసాపురము 9.30కి అని యుండెను. వసిష్ఠ గోదావరి యీ పట్టికను చదువలేదు.

"పంటు ఎన్నింటికండీ?"

"నిండాకండి."

"ఎప్పటికి నిండుతుంది?"

"జనం వచ్చాకండి."

పంటుమీద అప్పటికొక ఆటోయు, నాలుగు మోటారుసైకిళ్లును, కొబ్బరికాయల గోతములమీద కూర్చుండి తూగుచున్న యొక ముదుసలియు తప్ప నెవరును లేరు. నాయకుడు గడియారము చూచుకొనుచు రేవంతయు పచార్లు చేసెను. ఆ పచార్లను గూడ గడియారము యాత్రాదూరములో కలిపి, అభినందించెను.

ఆవలి యొడ్డున పాలకొల్లు వంకకు మరలిన కొంతసేపటికి కాలువగట్టు రోడ్డులో సగము ధాన్యమారబోసి యుండెను. ఒక గృహిణి పాదములతో చాళ్లు తీయుచు గింజను తిరుగబోయుచుండెను. నాయకుడు సైకిలు దిగకయే, ఇది ప్రభుత్వపు రోడ్డనియు, సుందరమార్గములయందు ఇట్టి యాటంకములు పర్యాటకాభివృద్ధికి భంగకరములనియు ఉపన్యసించి, కొంచెము ప్రక్కకు లాగింపుమని కోరెను.

"తేమ 17 దాటితే కొనరు బాబూ. ఎండ ఇటే ఉంది. దిగి నడవండి, టైరు కింద గింజ నలిగిపోద్ది."

దిగిరి. బూట్ల క్రింది యినుపబిళ్లలు టకటక మ్రోగుచుండగా, లక్షల సైకిళ్లను చేతులతో నెత్తిపట్టుకొని, గింజ త్రొక్కకుండ ఒకరి వెనుక నొకరుగ గట్టంచున నడిచిరి. యాప్ ఆ నడకను "విశ్రాంతి"గ నమోదు చేసికొనినది.