చుక్కల వంతెన

మా ఊరి లాకుల దగ్గర ఇటుక కమానుల పాత వంతెన ఉంది. మొన్న ముగ్గురు కుర్రాళ్లొచ్చి, మూడు కాళ్ల స్టాండు మీద లేజర్ స్కానర్ నిలబెట్టి, టీ తాగడానికి పోయారు. యంత్రం దానంతటదే గిర్రున తిరుగుతోంది. నేను సర్వే పనిచేసే రోజుల్లో ఎత్తులు చూసే డంపీ లెవెల్ వదిలి టీకి పోతే, తిరిగొచ్చేసరికి ఏ గేదో తన్నేసి ఉండేది.

మాదీ వెలుగుతో చూసే పనేనండోయ్. కాకపోతే ఆ లెవెల్లో కొలతల స్టాఫ్ కర్ర తలకిందులుగా కనిపించేది, పట్టుకున్న ఖలాసీతో సహా. నా ముందువాళ్ల పాట్లు ఇంకా ఘోరం. 1808లో తంజావూరు పెద్ద గుడి మీదికి కోణాలు కొలిచే అర టన్ను థియోడొలైట్ ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకు కొట్టుకుంది. ఆ సర్వే నడిపిన లాంబ్టన్ దొర వారాల తరబడి కూర్చుని తనే సరిచేసుకున్నాడు. వీళ్లకు బ్యాటరీ అయిపోతే కారెక్కడమే.

సాయంత్రానికి ల్యాప్‌టాప్‌లో వంతెన తేలింది, కోట్ల చుక్కల్లో. కమాను ఎక్కడ కుంగిందో రంగుల్లో కనబడుతుంటే, నిజం చెప్పొద్దూ, అసూయే వేసింది. మేం నిచ్చెన అందినచోట నాలుగు కొలతలు తీసి మిగతాది ఊహించేవాళ్లం.

"రెండో కమాను బీట వెడల్పెంత బాబూ?" అన్నాను. వెతికారు. లేదు. వీళ్లు చుక్కకీ చుక్కకీ మధ్య పెట్టుకున్న దూరం 5 మిల్లీమీటర్లు, బీట చూస్తే అర మిల్లీమీటరు. వల కన్ను పెద్దదైతే పరిగెలు పడతాయా? దానికి పక్కన స్కేలు పెట్టి దగ్గర్నుంచి ఫొటోలు తీయాలి. మేమైతే బీటకు అడ్డంగా సన్నటి గాజు ముక్క సిమెంటుతో అంటించేవాళ్లం. గాజు పగిలిందంటే బీట ఇంకా కదులుతున్నట్టే. ఏం తెలుసుకోవాలో తేలకముందే యంత్రం అద్దెకు తెచ్చేస్తారు, అదీ నా బాధ.

"మరి నీళ్ల కింద వంతెన స్తంభం మొదలు?" స్క్రీన్ మీద అక్కడంతా నల్లటి ఖాళీ. ఆ లేజర్‌ను నీళ్లు మింగేస్తాయి. మన కాలవ బురదలోకి కెమెరా చూపూ దిగదు. వరదకు వంతెనలు కూలేది చాలాసార్లు అక్కడి మట్టి కోసుకుపోయే. మేం తాడుకు సీసం గుండు కట్టి వదిలి లోతు రాసుకునేవాళ్లం.

"ఆ తాడెక్కడ దొరుకుతుంది తాతగారూ?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

మా నూతి చేంతాడు విప్పి ఇచ్చాను. ఇంకా తిరిగివ్వలేదు.