15 లీటర్ల అక్షయపాత్ర

కార్తీకం వెళ్లి చలి ముదిరిందంటే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఒక నమ్మకం నిద్ర లేస్తుంది: గీజర్ ఎంతసేపు ఆన్‌లో ఉంటే అన్ని వేణ్ణీళ్లు వస్తాయట. అందుకని రాత్రి పడుకోబోయే ముందే స్విచ్ వేసేస్తారు. తెల్లారేసరికి 15 లీటర్ల ట్యాంకు ఈని, 50 లీటర్లు అవుతుందని ఆశ.

2 కిలోవాట్ల గీజర్‌ 15 లీటర్లను 25 డిగ్రీల నుంచి 60కి తీసుకెళ్లడానికి ఇరవై నిమిషాలు చాలు. ఆపైన థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది, నీళ్లు కాస్త చల్లారితే మళ్లీ వేస్తుంది. అంటే రాత్రంతా ఆ పెట్టె చేసే ఘనకార్యం బాత్రూమ్ గోడకు కాపడం పెట్టడమే. సుఖం బల్లులది, బిల్లు మనది.

థర్మోస్టాట్‌ను చివరికంటా తిప్పేవాళ్లది ఇంకో మతం. ఇందులో లెక్క ఉంది, కాదనను. 60 డిగ్రీల నీళ్లు 15 లీటర్లుంటే, చన్నీళ్లు కలుపుకుని 40 డిగ్రీల స్నానపు నీళ్లు 35 లీటర్లు చేసుకోవచ్చు. 75 డిగ్రీలైతే 50 లీటర్లు. కాకపోతే ఆ వేడికి గీజర్ లోపల సున్నం ఇంకా తొందరగా పేరుకుంటుంది, చూసుకోకుండా కుళాయి కింద చెయ్యి పెట్టిన పిల్లాడికి చర్మం ఊడుతుంది. అంత సాహసం చేసి సంపాదించిన నీళ్లను ఏం చేస్తారయ్యా అంటే, అన్నం కంచమంత షవర్ కింద నిలబడి పారబోస్తారు. నిమిషానికి 12 లీటర్లు కుమ్మరించే షవర్‌కు ఆ 50 లీటర్లు నాలుగు నిమిషాల ముచ్చట. ఒంటికి సబ్బు రాసుకునేలోగా మాఘమాసం వచ్చేస్తుంది. లోపలి నుంచి కేక: "ఏమే, గీజర్ పాడైంది!"

పాడవ్వలేదు మహాప్రభో. మన అమ్మమ్మల రాగి బాయిలర్ గుర్తుందా? పైన గరాటులో చెంబెడు చన్నీళ్లు పోస్తే పక్క గొట్టంలోంచి చెంబెడు వేణ్ణీళ్లు వచ్చేవి. గీజర్ చేసేదీ అదే. కింద నుంచి చన్నీళ్లు దూరి, పైనున్న వేణ్ణీళ్లను బయటికి నెడతాయి. కుళాయి ఎంత జోరుగా తిప్పితే చన్నీళ్లు అంత జోరుగా లోపలికొస్తాయి. ఈ సంగతి అమ్మమ్మకు తెలుసు గనక బకెట్టూ చెంబూ పెట్టుకుంది. మనకు ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది గనక వాటిని వాచ్‌మన్‌కు ఇచ్చేశాం.

ఈ కష్టం చూడలేక షాపువాడు మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ చూపిస్తాడు. "ఎన్ని నీళ్లయినా వస్తూనే ఉంటాయి సార్!" నిజమే, వస్తూనే ఉంటాయి. లోపలున్న కాసిని అయిపోయాక, 3 కిలోవాట్లతో నీళ్ల వేడిని 15 డిగ్రీలు పెంచాలంటే నిమిషానికి మూడు లీటర్లు కూడా దాటవు. బకెట్టు నిండేలోపు కాఫీ తాగి, పేపర్లో రాశిఫలాలు చూసుకోవచ్చు.

బోరు నీళ్లు వాడే ఇంట్లో అసలు దొంగ వేరే ఉన్నాడు. ప్లంబర్ గీజర్ అడుగు విప్పితే తెల్లటి పెచ్చులు దోసిళ్లకొద్దీ రాలతాయి. వేడి చేసే కాయిల్ మీద సున్నం ఎంత మందాన పట్టి ఉంటుందంటే, అది ముందు ఆ సున్నాన్ని కాచి, ఓపిక మిగిలితే నీళ్లను కాస్తుంది. సున్నం దింపించి, షవర్‌కు సెలవిచ్చి, బకెట్టు పెట్టుకుంటే ఉన్న 15 లీటర్లే ఇద్దరి స్నానానికి వస్తాయి.

మా పక్క ఫ్లాటాయన ఇదంతా శ్రద్ధగా విన్నాడు. సున్నం దింపడానికి ప్లంబర్ అడిగిన డబ్బు దోపిడీ అన్నాడు. ఆ సాయంత్రమే 25 లీటర్ల కొత్త గీజర్ కొనుక్కొచ్చాడు. దానికి డిజిటల్ డిస్‌ప్లే ఉందట. తలకు షాంపూ పెట్టుకుని ఉండగా నీళ్లు చల్లబడిపోతుంటే ఇకమీదట ఎన్ని డిగ్రీలు పడిపోయాయో అంకెల్లో చూసుకోవచ్చు.