గోప్యత రికార్డు రూము వరకే

మన ఆస్పత్రుల్లో రోగి సమాచారం పరమ రహస్యం. ఎంత రహస్యమంటే, ఆపరేషన్ థియేటరు బయట బోర్డు మీద పేరు, వయసు, ఏ భాగం కోస్తున్నారో రాసి పెడతారు. టీ ఫ్లాస్కు పట్టుకెళ్లే కుర్రాడు కూడా చదువుకుంటూ పోతాడు. మంచానికి వేలాడే చార్టును పక్క మంచం వాళ్ల చుట్టాలు తిరగేసి, 'మావాడికంటే ఈయనకే షుగరు ఎక్కువ' అని కాస్త స్థిమితపడతారు. ఓపీలో బల్ల చుట్టూ పదిమంది మూగి ఉండగా డాక్టరుగారు అడిగే విరేచనాల వివరాలకు పేషెంటు ఒక్కడే జవాబు చెబుతాడు గానీ, వినేవాళ్లు పదిమందీ. ల్యాబు రిపోర్టు మేనల్లుడి వాట్సాప్‌కి వస్తుంది, అక్కణ్నుంచి ఫ్యామిలీ గ్రూపులోకి పోతుంది. పెద్దమ్మ దండం బొమ్మ పెడుతుంది.

ఇన్ని తలుపులు బార్లా తెరిచిన భవనంలో ఒక్క గదికి మాత్రం తాళం ఉంటుంది. మెడికల్ రికార్డు రూము. దాని ముందు ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం అమ్మాయి నిలబడి ఉంటుంది. ఏ ఆస్పత్రి అని అడక్కండి, మీ ఊళ్లోదే అనుకోండి.

ఆ అమ్మాయి అడిగేది పెద్ద విషయమేమీ కాదు. మంచాన పడ్డ రోగులకు పడక పుళ్లు ఎన్నో రోజున మొదలవుతున్నాయి? రెండు గంటలకోసారి పక్క మార్చినట్టు చార్టులో ఉన్నదానికీ, పుండు పడిన తేదీకీ పొంతన కుదురుతోందా? పేర్లు వద్దు, ఫోన్ నంబర్లు వద్దు. వయసు, జబ్బు, పడకన ఉన్న రోజులు, చార్టు చాలు.

'కేస్ షీట్లు బయటివాళ్లకి చూపించకూడదమ్మా.'

'బయటిదాన్ని కాదు సార్. ఇక్కడే స్టాఫ్ నర్సుగా చేసి పీజీకి వచ్చాను. అందులో కొన్ని చార్టులు నైట్ డ్యూటీలో నేనే రాశాను.'

'రాయడం వేరు, చదవడం వేరు సిస్టర్. రాసేటప్పుడు మీరు స్టాఫు. చదివేటప్పుడు రీసెర్చి. సూపరింటెండెంటుగారి సంతకం తెండి.'

సూపరింటెండెంటుగారు ఎథిక్స్ కమిటీ అనుమతి తెమ్మన్నారు. ఎథిక్స్ కమిటీ సూపరింటెండెంటుగారి లెటరు జతచేయమంది. రోగులందరి అంగీకార పత్రాలు కూడా కావాలంది. రెండేళ్ల కిందట డిశ్చార్జి అయిన వాళ్లు ఎక్కడున్నారో తెలియదు, కొందరు అసలు లేనే లేరు. పేర్లు తీసేసి, రోగికి ముప్పు బహు తక్కువగా ఉండేలా పాత రికార్డులతో చేసే పరిశోధనలో అంగీకారం నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం ఆ కమిటీకే ఉందని 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అమ్మాయి ఆ పేజీని జిరాక్సు తీసి పెట్టింది. చనిపోయిన వారి తరఫున వారసుల సంతకాలు జతపరచవలెనని కమిటీ సవరణ పంపింది.

ఈలోగా రికార్డు రూము సారు పేపరు చదివారు. 'కొత్త చట్టం వచ్చిందమ్మా, 250 కోట్ల ఫైనంట!' 2023 డేటా రక్షణ చట్టంలో ఆ అంకె ఉన్నమాట నిజమే. గణాంకాలకూ పరిశోధనకూ అదే చట్టంలో మినహాయింపు కూడా ఉంది. ఆ సమాచారంతో ఫలానా మనిషి మీద నిర్ణయమేదీ తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి, అంతే. పైగా అది డిజిటల్ సమాచారానికి పెట్టిన చట్టం. ఈ గదిలో ఉన్నవేమో పురికొసతో కట్టిన కాగితాల కట్టలు. వాటిని ఏ దరఖాస్తూ పెట్టకుండా చదివి జీర్ణించుకుంటున్నవి చెదలు మాత్రమే.

డిజిటల్ అయిన చోటా అంతే. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఐదింటి మీద దాడి జరిగింది. 1.3 టెరాబైట్ల సమాచారానికి దొంగలు తమ తాళం వేసేశారు. దేశంలోని పెద్ద ఆస్పత్రుల్లో ఒకటి సుమారు రెండు వారాలు కాగితం, కలంతో నడిచింది. ఆ దొంగలు ఎథిక్స్ కమిటీకి ఎన్ని ప్రతులు సమర్పించారో నాకు సమాచారం లేదు.

అలాగని అడిగిన వాళ్లందరికీ తాళంచెవి ఇచ్చేయమని నా వాదన కాదు. మన పీజీ థీసిసులు చూస్తే రికార్డు రూము సారు మీద గౌరవం పెరుగుతుంది. ఆఖర్న 'మాస్టర్ చార్టు' అని ఒకటి ఉంటుంది. కొన్నిటిలో రోగి పేరు, ఐపీ నంబరు, జబ్బు వరసగా అచ్చేసి, బంగారు అక్షరాల అట్ట వేసి లైబ్రరీలో పెడతారు. ఫొటోలో కళ్ల మీద నల్ల పట్టీ వేస్తారు. పచ్చబొట్టు పొడిపించుకున్న పేరు మాత్రం పట్టీ కింద స్పష్టంగా కనబడుతుంది. ఆ ఎక్సెల్ ఫైలు పెన్‌డ్రైవులో డీటీపీ సెంటరుకి వెళ్లి, పెళ్లి శుభలేఖల మధ్య అక్కడే స్థిరపడిపోతుంది.

పేరు కొట్టేస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్ర ఉద్యోగుల వైద్య వివరాలను పేర్లు తీసేశామన్న ధీమాతో పరిశోధకులకిచ్చారు. లటాన్యా స్వీనీ అనే విద్యార్థిని 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జి ఓటర్ల జాబితా కొని, పుట్టినతేదీ, పిన్‌కోడు, ఆడా మగా చూసి సాక్షాత్తూ గవర్నరు విలియం వెల్డ్ రికార్డునే పట్టేసింది. ఇక మన దగ్గర ఊరి పేరు, వయసు, జబ్బు చెబితే చాలు, కిళ్లీకొట్టు ముందు నిలబడ్డవాడు ఇంటి నంబరుతో సహా చెప్పగలడు.

మరి చేసేవాళ్లు ఎలా చేస్తున్నారు? బోస్టన్‌లో ఒక ఆస్పత్రి ఐసీయూ రికార్డులను ఎంఐటీ వాళ్లు 'మిమిక్' పేరుతో పరిశోధకులకు ఉచితంగా ఇస్తున్నారు. నైతిక నియమాల కోర్సు పూర్తిచేయాలి, ఎవరినీ గుర్తుపట్టే ప్రయత్నం చేయనని ఒప్పందం మీద సంతకం పెట్టాలి. మూడో విడతలో 40 వేల మందికి పైగా రోగులున్నారు. తేదీలన్నీ జరిపేసి 2100కి అవతలికి నెట్టారు. 89 ఏళ్లు దాటిన తాతలకు వయసు 300 పైచిలుకు పడింది. నర్సులు రాసిన నోట్సు కూడా అందులో ఉంది. అంటే మన అమ్మాయి హాస్టల్ గదిలో కూర్చుని బోస్టన్ నర్సు రాత్రి ఏం రాసిందో చదవగలదు. కింది అంతస్తు వార్డులో తాను రాసింది చదవలేదు.

అసలు భయం రోగి గుట్టు గురించైతే థియేటరు బోర్డు మీది పేరు ఎప్పుడో చెరిపేసేవాళ్లు. రికార్డు రూములో ఆ చార్టుల కట్ట విప్పితే రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు గంటలకు పక్క మార్చినట్టు ఒకే పెన్నుతో, ఒకే ఊపులో పడిన టిక్కులు కనబడతాయి. ఎన్ని మంచాలకు ఎందరు నర్సులని ఎవరో లెక్క వేస్తారు. పరువు పోయేది రోగిది కాదు.

మే 12న ఇదే ఆస్పత్రిలో ఫ్లారెన్స్ నైటింగేల్ ఫొటోకి దండ వేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆవిడ దీపం పట్టుకుందని చెబుతారు. క్రిమియా యుద్ధంలో గాయాలకంటే రోగాలతోనే సైనికులు ఎక్కువమంది పోయారని లెక్కలు తీసి, 1858లో రంగుల పటం గీసి సైన్యం మొహాన పెట్టిందని చెప్పరు. ఇండియాలో అడుగైనా పెట్టకుండా ఇక్కడి దండు శిబిరాలకు ప్రశ్నపత్రాలు పంపి జవాబులు రాబట్టుకుంది కూడా. మన రికార్డు రూము ఆవిడకు తగల్లేదు.

గడువు దగ్గరపడేసరికి గైడు మేడమ్ జాలిపడి టాపిక్ మార్చారు. 'పడక పుళ్ల నివారణపై నర్సింగ్ విద్యార్థినుల పరిజ్ఞానం మీద ప్రణాళికాబద్ధ బోధన ప్రభావం.' రోగులతో పనిలేదు, చార్టులతో పనిలేదు. జూనియర్లను హాల్లో కూర్చోబెట్టి ప్రీ టెస్టు, నలభై నిమిషాల పాఠం, వారం తర్వాత పోస్ట్ టెస్టు. పాఠం చెబితే మార్కులు పెరుగుతాయని గణాంక సహితంగా రుజువైంది. ఎథిక్స్ కమిటీ ఒక్క పూటలో అనుమతిచ్చి, పరిశోధన అంటే ఇలా ఉండాలని మెచ్చుకుంది.