తిన్నగా పోవాలంటే

కాలిఫోర్నియాలో మా పక్కింటి పెద్దాయనకి 1932 ఫోర్డు ఒకటుంది. మడ్‌గార్డులు పీకేశాడు. ముక్కు నేలకేసి, వెనక భాగం ఆకాశంకేసి ఉంటుంది. దీన్ని హాట్ రాడ్ అంటారు. 1930ల్లో ఇక్కడి కుర్రాళ్లు పాత ఫోర్డుల్ని ఇలాగే ఒలిచేసి మురాక్ ఎండు సరస్సు మీద పరిగెత్తించేవాళ్లు.

ముందు చక్రాల అలైన్‌మెంటుకి సాయం రమ్మన్నాడు. వెళ్తే ఉన్నవల్లా టేపు, సుద్దముక్క, కోణాలు చూసే డయలు. ముందుగా నా బరువెంతని అడిగాడు. అంకె చిన్నదిగా ఉంటుందని కిలోల్లో చెప్పాను. పౌండ్లలోకి మార్చుకుని, "నా అంతే ఉన్నావు, సీట్లో కూర్చో" అన్నాడు. నడిపే మనిషి బరువు పడితేనే కమాన్ కట్ట అసలు ఎత్తుకి దిగుతుందట. నా పొట్టకి ఇంత గౌరవం ఎక్కడా దక్కలేదు.

కూర్చున్నచోటే పాఠం మొదలైంది. చక్రాన్ని తిప్పే కింగ్ పిన్ను పైకొస అయిదారు డిగ్రీలు వెనక్కి వాలాలి. అది కాస్టర్. అప్పుడు టైరు పిన్ను వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది కనక, వదిలేసినా స్టీరింగు తిన్నబడుతుంది. షోకు కోసం వెనక పెద్ద టైర్లేసి బండిని రెండు డిగ్రీలు ముందుకి వంచితే, కాస్టర్‌లో రెండు డిగ్రీలు హరీ! ఇక చక్రాల పైభాగం కాస్త బయటికి ఒరగడం క్యాంబర్. అది ఇరుసుకి పుట్టుకతో వచ్చిన గుణం. మార్చాలంటే ఇరుసునే ప్రెస్సులో పెట్టి వంచాలి.

మిగిలింది టో-ఇన్. చక్రాల ముందంచుల మధ్య దూరం వెనకంచుల మధ్య కన్నా అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువుండాలి. పరుగులో చక్రాలు బయటికి విచ్చుకోబోతాయి, అందుకని ముందే లోపలికి తిప్పి పెడతారు. రెండు చక్రాల్నీ కలిపే టై రాడ్‌కి ఒక కొసన కుడి మర, రెండో కొసన ఎడమ మర; తిప్పితే దాని పొడవు మారుతుంది. పావు చుట్టు తిప్పుతాడు, బండిని వెనక్కి తోసి ముందుకి దొర్లిస్తాడు, మళ్లీ టేపు పడతాడు. నేను లోపల ఉత్సవవిగ్రహంలా ఊరేగుతూనే ఉన్నాను. వీధి వీధంతా చేతులూపింది.

వెనక్కొక వాలు, బయటికొక ఒరుగు, లోపలికొక తిరుగుడు. ఇన్ని వంకర్లుంటే గానీ బండి తిన్నగా పోదన్నమాట! చిన్నప్పటినుంచీ నన్ను నిటారుగా నిలబెట్టాలని చూసిన పెద్దలకి ఈ సంగతి తెలియదు.

రాత్రి రెండోసారి అన్నం పెట్టుకోబోతే మా ఆవిడ గిన్నె జరిపేసింది.

"నేను తగ్గితే పక్కింటాయన కొలతలన్నీ మారిపోతాయే!"

"బండి నడిపేది ఆయన కదండీ? తినాల్సిందీ ఆయనే."