నా మచ్చల లెక్క

తెలుగులో నా పేరు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది. పొగాకు! కాలిస్తే పొగ వస్తుందని మా వాళ్లకు ఆ పేరు. నన్ను మాత్రం ఎవరూ కాల్చలేదు, చుట్ట చుట్టలేదు, నమల్లేదు. ఊళ్లో పొగ ఏం చేస్తోందో కనిపెట్టి చెప్పడానికే నన్ను పెంచారు.

నా రకం బెల్-డబ్ల్యూ3. అమెరికాలో మేరీల్యాండ్‌లోని బెల్ట్స్‌విల్ నుంచి వచ్చిందే ఆ 'బెల్'. 1950లలో కనెటికట్ లోయ రైతులు గుడ్డ పందిళ్ల కింద సిగార్లకు పై ఆకు పండించేవారు. పై ఆకు పట్టుచీర లాంటిది, మరక కనిపిస్తే ధర పడిపోతుంది. అలాంటి ఆకు నిండా ఉన్నట్టుండి తెల్ల చుక్కలు! పురుగు లేదు, తెగులు లేదు. 1959లో హెగ్గెస్టాడ్, మిడిల్‌టన్ అనే శాస్త్రజ్ఞులు దొంగను పట్టారు. ఓజోన్. ఆకాశంలో మనకు గొడుగు పట్టేది కాదు, వాహనాల పొగా కర్మాగారాల ఆవిర్లూ ఎండలో ఉడికితే నేల దగ్గర పుట్టేది. చుక్కలకు తట్టుకునే రకాలు రైతులకు దక్కాయి. అందరికంటే ముందు చుక్కలు పడే నన్ను, పంటకు పనికిరాకపోయినా, పారేయలేదు. ప్రకాశం జిల్లాలో మా చుట్టాలు బ్యారన్‌లలో పసుపెక్కి వేలానికి వెళ్తారు. అక్కడ ఆకు మీద మచ్చ ఉంటే గ్రేడు తగ్గుతుంది. నాకు మచ్చ లేకపోతే నా పని లేదు.

2001 వేసవిలో నేను ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉన్నాను. జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం పెద్దరికాన ఎనిమిది దేశాల్లో పన్నెండు నగరాలు ఇలా మొక్కలతో గాలిని చదివించాయి. లియోన్‌కు దక్షిణాన రోన్ నది వెంట రసాయన కర్మాగారాలు, చమురు శుద్ధి. నా చోటు ఊరి అంచున, ఒక తోటలో.

నా కుండీ అడుగు నుంచి నీళ్ల తొట్టిలోకి వత్తులు వేలాడేవి. ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు నేను నీళ్లు తాగాలి. గారాబం అనుకునేరు! దాహమైతే నా ఆకులు రంధ్రాలు మూసుకుంటాయి. అప్పుడు ఓజోన్ లోపలికి పోదు, మచ్చ పడదు. నోరు మూసుకున్న సాక్షి వాళ్లకెందుకు?

మూడు రోజులు గాలాడక ఎండ కాసింది. వంద కోట్ల పాళ్ల గాలిలో నలభై పాళ్లు ఓజోన్ ఉండి, నాలుగు గంటలు తగిలితే చాలు నాకు. ముందు ఆకు మీద తడి అంటినట్టు ముదురు చుక్కలు లేచాయి. ఆకుపై పొర కింద నిలువుగా పేర్చినట్టుండే కణాలు చచ్చి, అక్కడ గాలి చేరింది. ఆ చుక్కలే ఎండి దంతం రంగుకు తిరిగాయి. లేత ఆకుకు ఏమీ కాలేదు, దెబ్బంతా నడివయసు ఆకులకే. లెక్క రాసుకునే అమ్మాయి వచ్చి ఆకును వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, "పదిహేను శాతం... కాదు, ఇరవై" అని గొణుక్కుంది. ఐదేసి చొప్పున అంచనా వేస్తారు, అంతా కంటి లెక్కే.

నాకు కోపం తెప్పించిన సంగతి ఒకటుంది. మా చెల్లెల్ని నడిబజారు కూడలిలో పెట్టారు. బస్సుల పొగంతా దాని మొహానే. అయినా దాని ఒంటి మీద నాకున్నన్ని మచ్చలు లేవు! చూసినవాళ్లు అక్కడ గాలి బాగుందనుకుని సంతోషంగా వెళ్లిపోయారట. బస్సు గొట్టంలోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ అక్కడికక్కడే ఓజోన్‌ను మింగేస్తుంది. పొగ గాలివాటున ఊరు దాటి, ఎండలో ముదిరి, మా తోటకు ఓజోన్‌గా చేరుతుంది. నాకు ఒక్క దొంగే తెలుసు. మిగతావాళ్లు నా ఎదుటే ఇల్లు దోచుకుపోయినా గుర్తుపట్టలేను.

అందుకే నాకు తోడుగా వేరే మొక్కలనూ దించారు. రై గడ్డిని కోసి ఎండబెట్టి గంధకం, సీసం లాంటివి ఎంత చేరాయో కొలుస్తారు. మాటలు రాని మంచి పనివాడు. ముడతల కేల్ ఆకుకు ఒళ్లంతా మైనం, మసిలోని నూనె లాంటి విషాలు దానికి అంటుకుంటాయి. ట్రాడెస్కాంటియాది అందరికంటే భయపెట్టే ఉద్యోగం. దాని మొగ్గ చీల్చి, పుప్పొడి కాబోయే కణాల్లో క్రోమోజోములు విరిగాయా అని సూక్ష్మదర్శినిలో వెతుకుతారు.

మా తొట్టిలో నీళ్లు పోసే తోటమాలి వయసు మళ్లినవాడు. పని కాగానే నా పక్కన స్టూలు మీద కూర్చుని కాగితంలో పొగాకు వేసి, నాలుకతో అంచు తడిపి చుట్టుకునేవాడు. అది నా బంధువే కదా, వాసన తెలిసిపోయేది. వెలిగించాక నా మీదకు పొగ రాకుండా మొహం అటు తిప్పుకుని వదిలేవాడు. ఆ పొగ నా లెక్కలోకి రాదని పాపం ఆయనకెవరూ చెప్పలేదు.